పగలని పలకను పారేయమంటారేం?

గవర్నర్‌పేటలో ఒక సెల్‌ఫోన్ల షాపు. మధ్యాహ్నం రెండు గంటలు, బయట బెజవాడ ఎండ. గాజు కౌంటరు మీద నా పాత టాబ్ పెట్టాను. 2013లో ఏలూరు రోడ్డులో కొన్నది. ఏడంగుళాల తెర, వెనకున్న రబ్బరు అట్ట కరిగి బంకబంకగా అయిపోయింది. కౌంటరు దగ్గరి కుర్రాడు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. బాల్‌పెన్ను చివరతో ఇటోసారి, అటోసారి తోశాడు.

"దీనికి లైఫ్ అయిపోయింది సార్. ఎక్స్ఛేంజిలో కూడా తీసుకోరు. ఇక్కడ పెట్టేసి వెళ్లండి, మేం పడేస్తాం."

"ఏం చెడిపోయిందిరా అబ్బాయ్?"

"చెడిపోలేదు సార్. పాతదైపోయింది."

టాబ్‌ను మళ్లీ చేతిసంచిలో వేసుకుని బీసెంట్ రోడ్డు దాకా నడిచొచ్చేసరికి కోపం తన్నుకొచ్చింది. కుర్రాడి మీద కాదు. ఆ మాట అతనిది కాదు, ఊరందరిదీ. టీవీ ప్రకటనల వాళ్లు అంటారు, పక్కింటి ఇంజనీరు అంటాడు, అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు అంటాడు. చెడిపోవడం, పాతబడడం ఒకటేనని మనం ఎప్పుడు ఒప్పేసుకున్నామో నాకు గుర్తు లేదు. ఒప్పుకున్న పాపానికి ఇంటింటా బీరువా సొరుగులో ఒక పలక చీకట్లో పడి ఉంది. పలక అనే అంటున్నాను. బలపం పట్టే వయసులో మనకిచ్చిన పలకకూ దీనికీ ఆకారంలో తేడా లేదు, అది పగిలేదాకా పనికొచ్చేది.

ముందు ఎదుటివాళ్ల వాదన ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. పాతవాటిలో యాప్‌లు ఎక్కవు. ఎక్కినా నత్తనడక. కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి భద్రత లేదు. బ్యాటరీ పేలుతుంది. అన్నిటికీ మించి, ఏడెనిమిది వేలు పారేస్తే కొత్తది వస్తుంటే ఈ చాకిరీ ఎవడు చేస్తాడు? వీటిలో ఒకటి అబద్ధం, మూడు సగం నిజాలు. చివరిదాని సంగతి వేరే చెప్పాలి.

యాప్‌లు ఎక్కవన్న మాట చూడండి. 2021 సెప్టెంబరు 27న గూగుల్ ఒక గీత గీసింది. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాతవి ఉన్న ఫోన్లలో ఇక గూగుల్ ఖాతా తెరుచుకోదంది. 2025 జనవరిలో వాట్సాప్, ఆండ్రాయిడ్ 4.4 ఉన్న వాటికి దణ్ణం పెట్టేసింది. ఆ తెల్లారి ఆ ఫోన్లలో ఒక్క స్క్రూ వదులు కాలేదు. తెర మసకబారలేదు, స్పీకరు గొంతు పోలేదు. ఎక్కడో ఉన్న సర్వరు 'నీతో మాట్లాడను' అంది, అంతే. ఒకడు మాట్లాడనంటే మనిషి మూగవాడైపోతాడా?

మనది కాలువల ఊరు కాబట్టి కాలువ సంగతే చెబుతాను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఒకప్పుడు రోడ్లు కూడా. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టాక ఈ కాలువల మీద ధాన్యం పడవలు నడిచాయి, మనుషుల పడవలు నడిచాయి. తర్వాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బరాజ్ వచ్చింది. పడవ ఆగిపోయిందని ఎవరైనా కాలువకు లైఫ్ అయిపోయిందన్నారా? (చెత్త పోసి పూడ్చే ప్రయత్నం మాత్రం నగరవాసులం చిత్తశుద్ధితో చేస్తున్నాం, అది వేరే కథ.) పడవ లేకపోయినా నీళ్లు పారుతున్నాయి, దివిసీమ చివరి ఎకరం దాకా ఆ నీటి కోసమే చూస్తుంది. వస్తువు మీద నడిచే పనుల్లో ఒకటి పోతే మిగతా పనులు కూడా పోయాయనుకోవడం డెల్టాలో పుట్టినవాడు చేయాల్సిన తప్పు కాదు.

పైగా ఈ యాప్‌ల వాళ్లు మన కోసం ఎప్పుడు ఆగారు? 2010 ప్రాంతంలో కొత్త ఫోను కొంటే అందులో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. అప్పట్లో తెలుగు చదవాలనుకున్నవాళ్లకు ఒక మంత్రం తెలుసు. ఒపేరా మినీ తెరిచి, అడ్రసు గడిలో సెట్టింగుల గుట్టు కొట్టి, 'సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ అక్షరాలు వాడు' అన్న చోట అవును పెట్టాలి. అప్పుడు సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. చదవడానికి కాస్త మొరటుగా ఉండేది, కానీ తెలుగే. అంటే అప్పటి కొత్త యంత్రానికి తెలుగు రాకపోతే దొడ్డిదారిన నేర్పించుకున్నది మనమే. ఆ ఓపిక ఉన్నవాళ్లం ఇవాళ పాత యంత్రాన్ని చూసి చేతులెత్తేయడం ఏమిటి?

నెమ్మదిగా నడుస్తుందన్నది సగం నిజం. పది యాప్‌లు, యాభై నోటిఫికేషన్లు, మధ్యలో వీడియో పెట్టి 'నడువు' అంటే నడవదు. ఒకే పని ఇవ్వండి, నడుస్తుంది. మన చుట్టూ చేతిలో ఇమిడే కంప్యూటర్లు ఎన్నున్నాయో చూడండి. ఆర్టీసీ కండక్టరు మెడలో ఏళ్ల తరబడి వేలాడిన, టికెట్లు కొట్టే టిమ్ మిషను అలాంటిదే. నెలనెలా ఇంటికొచ్చి మీటరు చూసి కరెంటు బిల్లు కొట్టిచ్చే కుర్రాడి చేతిలోనిదీ అదే. 2015లో కృష్ణా జిల్లా రేషన్ షాపుల్లోకి వచ్చిన ఈ-పాస్ యంత్రమూ అదే. వాటిని చూసి "ఇది పాత మోడలు" అని పెదవి విరిచినవాణ్ని నేను చూడలేదు. వేలిముద్ర పడిందా, చీటీ వచ్చిందా, బియ్యం తూచారా, అంతే చూస్తాం. ఒకే పనికి కట్టేసిన యంత్రానికి అంత త్వరగా ముసలితనం రాదు.

ఇది నమ్మకపోతే ఒకసారి జవహర్ ఆటోనగర్ వెళ్లి రండి. పొద్దున్నే వెళ్లండి, వెల్డింగు మంటలు కళ్లకు పడకుండా. అక్కడ ఇంజను ఒక లారీది, ఛాసిస్ ఇంకోదానిది, తొట్టి ఆ వీధిలోనే కట్టింది. రంగు వేసి, ముందు నిమ్మకాయలు కట్టి పంపితే, లారీ రాయపూరు వెళ్లి వస్తుంది. ఆటోనగర్ మేస్త్రీని "ఇది పాతది కదా" అని అడగండి. "పాతదైతే? లోడు లాగుతుందా లేదా?" అంటాడు. దేశమంతా లారీలు తెచ్చి బాగుచేయించుకునే ఊరు మనది. అదే ఊళ్లో నాలుగు కిలోమీటర్ల అవతల గవర్నర్‌పేటలో, లోడు లాగగలిగే పలకను పెన్నుతో తోసి పారేయమంటున్నారు. ఎక్కడ తేడా వచ్చింది? ఇంజను తెరిచి చూడొచ్చు. ఫోను జిగురేసి మూసేశారు. తెరవలేని వస్తువు ముందు మేస్త్రీకి కూడా నోరు లేవదు, అమ్మినవాడు చెప్పిందే వేదమవుతుంది.

ఇప్పుడు నా పలక ఏం చేస్తోందో చెబుతాను.

నాన్నగారికి ఎనభై దాటాయి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. పేపరు అక్షరం ఆనదు. పెద్ద స్క్రీను ఉన్న కొత్త ఫోను తమ్ముడు కొనిచ్చాడు. నాలుగు రోజులు పట్టుకుని పక్కన పెట్టేశారు. చదువుతుంటే మధ్యలో లోను కావాలా అని ఎవడో ఫోను చేస్తాడు, ఏదో వేలికి తగిలి సినిమా పాట మొదలవుతుంది, తర్వాత ఏ పేజీలో ఉన్నారో తెలియదు. "ఇది చదువుకోనిచ్చే వస్తువు కాదురా," అన్నారు.

షాపు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం పాత టాబ్ ముందేసుకుని కూర్చున్నాను. రబ్బరు అట్ట మీది బంకను కొబ్బరినూనె అద్దిన గుడ్డతో తుడిస్తే చాలావరకు వదిలింది. ఉన్నవన్నీ చెరిపేసి మొదటి రోజు స్థితికి తెచ్చాను. గూగుల్ ఖాతా అడిగింది, ఇవ్వలేదు, 'తర్వాత' అని నొక్కాను. విమానం గుర్తు నొక్కి బయటి ప్రపంచంతో తెగతెంపులు చేశాను. ఒక పీడీఎఫ్ రీడరు, లాప్‌టాప్ నుంచి మెమరీ కార్డులోకి ఎక్కించిన పుస్తకాలు, ఇవే దాని ఆస్తి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలను డిజిటల్ చేసి పెట్టారు. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక సంచికలు కూడా అందులో ఉన్నాయి. ఇవన్నీ స్కాన్ చేసిన పేజీలు, అంటే బొమ్మలు. యంత్రంలో తెలుగు ఫాంటు ఉందా లేదా అన్న గొడవే లేదు. పదేళ్ల నాటి ఆండ్రాయిడ్‌కి తెలుగు వచ్చినా రాకపోయినా బొమ్మ బొమ్మే. రెండు వేళ్లతో లాగితే ఆవగింజంత అక్షరం మినప్పప్పంత అవుతుంది.

నాన్నగారు పొద్దున కాఫీ తాగి, వసారాలో కుర్చీ వేసుకుని పలక ఒళ్లో పెట్టుకుంటారు. పేజీ తిప్పే ముందు అలవాటు కొద్దీ చూపుడువేలు నాలుక్కి తాకించుకుంటారు. తడివేలికి తెర తికమక పడుతుంది, ఒకేసారి మూడు పేజీలు ఎగిరిపోతాయి. "వెధవ పలక," అని తిట్టి, వేలు పంచెకు తుడుచుకుని వెనక్కి తిప్పుకుంటారు. ఎక్కడ ఆపారో దానికదే గుర్తుంచుకుంటుందని పదిసార్లు చెప్పాను. నమ్మరు. గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో పేజీ నంబరు రాసుకుంటారు. మొన్న చూస్తే ఏకాదశి పక్కన 214 ఉంది.

ఇది చూశాక కూడా ఆ పలకకు లైఫ్ అయిపోయిందనే వాళ్లతో నాకు మాటల్లేవు.

ఇంటర్నెట్ లేకపోతే అదేం కంప్యూటర్ అంటారు కొందరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్న వాళ్లను అడగండి. కరెంటు పోయింది, చాలాచోట్ల సిగ్నలూ పోయింది. చేతిలో లేటెస్టు ఫోనే ఉంది, అందులో ఉన్నదంతా ఎక్కడో మబ్బుల్లో ఉంది. యంత్రం లోపల ఉన్నదే మనది, మిగతాదంతా అరువు. కివిక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, వికీపీడియాను మొత్తంగా దింపుకుని నెట్టు లేకుండా చదువుకోవడానికి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా దాంట్లో దొరుకుతుంది. 32 జీబీ కార్డులో అది పట్టగా బోలెడంత జాగా మిగులుతుంది.

ఇంకో చోట చూసింది చెబుతాను. కైకలూరు అవతల మా దూరపు చుట్టం ఒకాయనకు రొయ్యల చెరువుంది. గట్టు మీద కాపలా పాకలో మేకుకి ఒక ప్లాస్టిక్ జిప్ కవరు, అందులో చదువైపోయిన ఎవరో అబ్బాయి పాత టాబ్. పూటపూటా మేత ఎంత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, నీళ్లలో ఆక్సిజను ఎంతుంది, అన్నీ కాపలా మనిషి అందులో కొడతాడు. కవరు తీయకుండా పైనుంచే వేలితో నొక్కుతాడు. అంతకుముందు నోటుబుక్కులో రాసేవారట, వాన జల్లుకి రెండు వారాల లెక్క సిరా కారి పోయింది. "మరి నీ ఫోనులో రాసుకోవచ్చుగా అన్నయ్యా?" అన్నాను. ఆయన నన్నొక వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. "ఇరవై వేల ఫోను తీసుకెళ్లి చెరువు గట్టు మీద పనోడి చేతికిస్తానా? ఇదైతే నీళ్లలో పడినా ఏడ్చేవాడు లేడు."

నాకు బుద్ధి వచ్చింది అక్కడే. పాత యంత్రానికున్న గొప్ప గుణం ఏ ప్రకటనలోనూ ఉండదు: దాని గురించి ఎవరికీ భయం లేదు. పసిపిల్ల చేతికివ్వొచ్చు, వంటింట్లో పోపు పక్కన పెట్టొచ్చు, పొలం గట్టు మీద వదిలేయొచ్చు. కొత్తదాన్ని మనం కాపలా కాస్తాం, పాతది మనకు కాపలా కాస్తుంది.

ఇక్కడ నా పక్షం వాళ్లమని వచ్చే కొందరిని కూడా దూరంగా నిలబెట్టాలి. పాత టాబ్‌తో పాతిక ఉపయోగాలు అని జాబితాలు రాస్తుంటారు. ఫొటో ఫ్రేము చేయండి, గోడ గడియారం చేయండి, వాతావరణం చూపించే బోర్డు చేయండి. వీళ్లు అవతలివాళ్లకంటే ఎక్కువ చెడగొడతారు. యంత్రం ఉంది కదా అని దానికో పని కల్పించడం పెళ్లికొడుకు దొరికాడు కదా అని పిల్లను కనడంలాంటిది. వాళ్లు చెప్పే ఫొటో ఫ్రేము మూడొందల అరవై రోజులూ చార్జింగులోనే వేలాడాలి, వేలాడితే బ్యాటరీ ఉబ్బుతుంది. మూడు నెలల్లో తీసి అవతల పారేసి, "చూశారా, పాతవి పనికిరావు" అంటారు.

బ్యాటరీ భయం సగం నిజమని ముందే ఒప్పుకున్నాను. లిథియం బ్యాటరీకి ఇద్దరు శత్రువులు, వేడి, ఎప్పుడూ నిండుగా ఉండడం. మే నెలలో బెజవాడలో ఆ రెండూ ఒకేచోట దొరుకుతాయి. పలకను బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి. బల్లకు అతుక్కుని ఆగితే సరే. బొంగరంలా గిరగిరా తిరిగిందా, వెనక పొట్ట వచ్చిందన్నమాట. దాన్ని ఇక చార్జింగు పెట్టొద్దు, గుచ్చొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి. నేను అన్ని పాతవాటినీ బతికించమనడం లేదు. చచ్చినదాన్ని చచ్చిందనే అంటాను. పొట్ట రానిదాన్ని సగానికి పైన చార్జి చేసి, నీడలో ఉంచి వాడుకోండి. రాత్రంతా తీగకు వేలాడదీయకండి.

భద్రత సంగతి కూడా అంతే. అప్‌డేట్లు ఆగిన పలకలో బ్యాంకు యాప్ పెట్టినవాడి మీద నాకు జాలి లేదు. ఫోన్‌పే పెట్టొద్దు, ఓటీపీలు వచ్చే సిమ్ వేయొద్దు, మెయిలు తెరవొద్దు. ఇవేవీ లేకుండా, నెట్టు కూడా తీసేసిన పలకలో దొంగ ఏం దోచుకుంటాడు? నాన్నగారి కృష్ణాపత్రికా?

మిగిలింది, కొత్తది ఏడెనిమిది వేలకే వస్తోంది కదా అన్న మాట. ఆ ఏడెనిమిది వేలు మన జేబులోంచి పోయేది మాత్రమే. ఫోను జీవితంలో కాలుష్యమంతా కలిపి చూస్తే ఎక్కువ వాటా తయారీలోనే అయిపోతుంది, మనం చార్జింగు పెట్టేది దాని ముందు లెక్కలోకి రాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది అందులో 22.3 శాతమే. మనకూ ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి కొత్తవి వచ్చాయి. 'మేం పడేస్తాం' అన్న కుర్రాడు ఎక్కడ పడేస్తాడో నేను అడగలేదు, అతనికీ తెలిసుండదు.

అసలు ఒక యంత్రాన్ని ఒకడి జేబుకే పరిమితం చేయాలని రాసిపెట్టి ఉందా? 2001లో బెంగళూరులో ఐఐఎస్‌సీ ఆచార్యులు కొందరు, ఒక కంపెనీ వాళ్లతో కలిసి సింప్యూటర్ అని చేతి కంప్యూటర్ తయారుచేశారు. దాంట్లో నాకు నచ్చినది స్మార్ట్ కార్డు. యంత్రం ఊరికి ఒకటి, కార్డు మనిషికి ఒకటి. ఎవరి కార్డు పెడితే వాళ్ల సమాచారం వస్తుంది, తీసేస్తే పక్కవాళ్ల చేతికివ్వొచ్చు. మార్కెట్లో సింప్యూటర్ నిలబడలేదు. అందరూ దాని ఓటమినే గుర్తుపెట్టుకున్నారు. చేతి కంప్యూటర్ అంటే పంచుకునే వస్తువు అని మన దేశంలో అప్పుడే ఊహించారన్న సంగతి మాత్రం మరిచిపోయారు.

ఇదంతా ఒక ఇంటి సొరుగు గొడవ అయితే ఇన్ని పేజీలు ఖర్చు చేసేవాణ్ని కాదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం టాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176, అన్నీ కలిపి 5,18,740. ఖర్చు 686 కోట్లు. లెక్క వేస్తే ఒక్కోటి పదమూడు వేల పైమాటే. 8.7 అంగుళాల శామ్‌సంగ్ పలక, లోపల బైజూస్ పాఠాలు, పిల్లలు వేరేవి చూడకుండా నియంత్రణ సాఫ్ట్‌వేరు. మరుసటి ఏడాది డిసెంబరులో రెండో విడత. 2024 జులైలో బైజూస్ దివాలా విచారణలోకి వెళ్లింది. మొదటి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి రాసేశారు.

ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న తగవు నాకొద్దు. దాని మీద టీకొట్ల దగ్గర కావలసినంత జరిగింది. నాకు కొరుకుడు పడనిది ఇంకొకటి. ఆ పథకాన్ని మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ ఒక్క విషయంలో చేతులు కలిపారు: పాఠాలిచ్చిన కంపెనీ కథ ముగిసింది కాబట్టి పలకల కథా ముగిసిందట. పాఠం చెప్పిన పంతులు మానేస్తే పలక పగలగొట్టుకుంటామా? నా 2013 పలకతో పోలిస్తే అవి గున్న ఏనుగులు. మూడు జీబీల ర్యామ్ ఉన్న ఆ పలక మీద మా నాన్నగారి లైబ్రరీ మొత్తం వికీపీడియాతో సహా కూర్చుని కాళ్లు చాపుకుంటుంది.

యడ్లపల్లి తెనాలి దగ్గర. ఆ తెనాలికే ఇంకో పక్క కొల్లిపర ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. సరుకులు, మనుషులు తిరిగే కాలువలో పుస్తకాలు తిరిగాయి. ఆయన కొత్త రకం పడవ కనిపెట్టలేదు, కొత్త కాలువ తవ్వించలేదు. ఉన్న పడవకు ఒక పని చెప్పారు. అంతకు ఇరవయ్యొక్కేళ్ల ముందు, 1914 ఏప్రిల్‌లో, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక ఉన్నారు. ఊరూరా పుస్తకం చేరాలన్న పట్టుదల ఈ నేల మీద పుట్టింది. ఆ రోజుల్లో వాళ్లకు దొరకనిది పుస్తకం. ఇవాళ పుస్తకాలు లక్షల పేజీలుగా ఉచితంగా ఉన్నాయి, చదివే పలకలు లక్షల్లో ఉన్నాయి, రెండింటినీ కలిపే మనిషే లేడు. నాగభూషణం గారు చూస్తే నవ్వుతారో ఏడుస్తారో.

"గ్రంథాలయాలకు ఎవరొస్తున్నారండీ" అంటారు. పేపరు కోసం పొద్దున్నే వస్తున్న ముసలివాళ్లను, పోటీ పరీక్షలకు కుర్చీ కోసం కొట్టుకుంటున్న పిల్లలను వాళ్లు చూడలేదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ఆ గది అద్దె మనమే కడుతున్నాం. ఆ గదిలో ఒక బల్ల మీద పది పలకలు, నెట్టు లేకుండా, ఖాతాలు లేకుండా, పాత పత్రికలతో, పాఠ్యపుస్తకాలతో, తెలుగు వికీపీడియాతో నింపి పెట్టడానికి ఏ కంపెనీతోనూ ఒప్పందం అక్కర్లేదు. ఒక లాప్‌టాపు, ఒక ఆదివారం, కాస్త ఓపిక ఉన్న కుర్రాడు చాలు.

అందుకని రెండు మాటలు. మొదటిది, ఆ లక్షల పలకల తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లకు. చదువు పూర్తయిన పిల్లల పలకలకు నియంత్రణ తీసేసే దారి ఊరూరా చెప్పండి. తాళం తీయడానికి కోట్లు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. రెండోది, ఇది చదువుతున్న మీకు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. సొరుగు తెరిచి పలక తీయండి, బల్ల మీద తిప్పి చూడండి. తిరగకపోతే మీ ఫొటోలు, ఖాతాలు చెరిపేసి దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. చార్జరు కూడా ఇవ్వడం మరిచిపోకండి, నేను మొదటిసారి మరిచిపోయాను.